తక్కువ తూగిన మనిషి

మా తూనికలు కొలతల శాఖకు తెలిసిన నేరం ఒక్కటే. తక్కువ తూగడం. కిలో రాయి పది గ్రాములు తక్కువుంటే కేసు రాస్తాం. లీటరు డబ్బాకు అడుగున సొట్ట ఉంటే కేసు రాస్తాం. ఎక్కువుంటే మాత్రం పల్లెత్తు మాట అనం. ఎక్కువ తూగే రాయి వల్ల కొనేవాడికి నష్టం లేదు కాబట్టి ఆ కొట్టువాడి భుజం తట్టి వచ్చేస్తాం. న్యాయం ఇంత సులువుగా ఉండే శాఖ ఇంకోటి లేదు. ఇరవై రెండేళ్లుగా ఇక్కడ సీనియర్ అసిస్టెంటుగా ఫైళ్లు రాస్తున్న నాకు ఈ శాఖలో చేరినందుకు గర్వంగానే ఉండేది, పోయిన జనవరి దాకా.

జనవరిలో రాజధానిలో మా శాఖ ఉత్సవం జరిగింది. గ్రూపు ఫొటో కోసం అధికారులందరూ ఎక్కేసరికి వేదిక కూలిపోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ, ఎనిమిది రోజుల్లో జిల్లాలన్నిటికీ సర్క్యులర్ వచ్చింది.

"శాఖా సిబ్బందియందు స్థూలకాయము, మద్యపానాసక్తి మితిమీరుచున్నట్లు పై అధికారుల దృష్టికి వచ్చియున్నది. కావున సిబ్బంది యావన్మందియు తమ దేహభారమును, దైనందిన మద్య పరిమాణమును క్రమముగా తగ్గించుకొనవలెను. సదరు భారమును, పరిమాణమును శాఖా నిబంధనల ప్రకారము ఆరు మాసములకొకసారి తనిఖీ చేసి, ముద్ర వేసి, నివేదిక పంపవలెను."

మా జిల్లా పెద్ద అసిస్టెంట్ కంట్రోలర్ త్రినాథరాజుగారు. దాన్ని మూడుసార్లు చదివి, కళ్లజోడు తీసి, మాకందరికీ అర్థం చెప్పారు.

"ఇందులో రెండు వాక్యాలున్నాయి. తగ్గించుకోవాలన్నది ఆశయం. తనిఖీ చేయాలన్నది ఆదేశం. ఆశయాన్ని మనం గౌరవిస్తాం. ఆదేశాన్ని అమలు చేస్తాం."

ఆ రోజే గోనెసంచులు తూచే పెద్ద కాటా హాల్లోకి తెచ్చారు. దాన్ని మోసుకొచ్చినవాడు పారినాయుడు. రాళ్లు మోసే ఉద్యోగం అతనిది. మేం సంతకు తనిఖీకి వెళ్తే ఇరవై కిలోల ఇనప రాళ్లు జీపులోంచి దించి, కాటాల మీద పెట్టి, మళ్లీ జీపెక్కించేది అతనే. కాటా దించి, ఆయాసపడుతూ పక్కన కూలబడ్డాడు.

అందరం ఎక్కాం. త్రినాథరాజుగారు నూట నాలుగు. నేను ఎనభై ఒకటి. ఇన్‌స్పెక్టర్ కృపానందం ఎనభై ఎనిమిది. పారినాయుడు తొంభై ఆరు కిలోల నాలుగు వందల గ్రాములు. ఎవరి గుర్తింపు కార్డు మీద వాళ్ల బరువు రాసి, పక్కన ఆ ఏడాది ముద్ర కొట్టారు. ముద్ర పడిందంటే అది ప్రమాణం. అది కదలకూడదు.

తర్వాత మద్యం. రోజుకెంతో ఎవరికి వారే రాసివ్వాలి. ఇక్కడ నేను తెలివికి పోయాను. తాగేది రెండు పెగ్గులు, నాలుగని రాశాను. ఆర్నెల్లకు రెండని చూపిస్తే సగానికి సగం తగ్గించిన ఘనత దక్కుతుంది కదా అని. కృపానందం నాలుగు తాగి నాలుగే రాశాడు. త్రినాథరాజుగారు "సామాజిక సందర్భములలో" అని రాశారు. ఆ కొలత మా పట్టికలో లేకపోవడంతో కొట్టేసి, అర లీటరు అన్నారు. పారినాయుడు తాగేది ఆరు, చెప్పింది ఆరు. అతనికి అబద్ధం చేతకాదు.

మాకిదంతా కాగితం వ్యవహారం. పారినాయుడికి అలా కాదు. అంతకుముందు డిసెంబరులో ఉల్లిపాయల మార్కెట్లో చేతులు వణికి, ఇరవై కిలోల రాయి తన కాలి మీదే పడేసుకున్నాడు. రెండు వేళ్లు చితికాయి. కట్టు కట్టిన పెద్దాసుపత్రి డాక్టరు పొట్ట నొక్కి చూసి, "ఈ ఏడాది ఇలాగే తాగు, వచ్చే ఏడాది తాగే పని ఉండదు" అన్నాడట. ఒకప్పుడు పది ఊళ్ల చెడుగుడు పోటీల్లో కూతకెళ్లినవాడు. ఇప్పుడు తనిఖీ అయిన కాటాకు కట్టే సీలు తీగ కన్నంలోంచి దూర్చలేక నన్ను పిలిచేవాడు.

సర్క్యులర్ వచ్చిన మర్నాడు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"బాబూ, ఆ కాయితం నకలొకటి ఇప్పించండి. గుండ్రంగా సీలేసి."

"నీకెందుకు పారినాయుడూ?"

"సాయంత్రం అయితే సావాసగాల్లు ఇంటి కాడికి ఒచ్చేత్తారు బాబూ. నాను ఒద్దంటే ఎవుడూ ఇనడు. గవుర్మెంటే తగ్గించమన్నాదని సూపిత్తే నోరు మూసుకుని ఎల్లిపోతారు."

నాకు నవ్వొచ్చింది. సర్క్యులర్‌ని నిజంగా నమ్మిన మనిషిని నా సర్వీసులో అదే మొదటిసారి చూడటం. సీలేసి ఇచ్చాను.

ఆరు పెగ్గులు నాలుగయ్యాయి, రెండయ్యాయి, తర్వాత ఆదివారం ఒకటయ్యాయి. ఉగాదికి అదీ పోయింది. మొదటి నెల నరకం చూశాడు. చెమటలు, వణుకు, ఊరికే కోపం. సాయంత్రం ఆరున్నరకు, అంటే అలవాటుగా గొంతు లాగే వేళకు, స్టోరు గదిలోకి పోయి ఇరవై కిలోల రాళ్లు ఎత్తి దించేవాడు. మధ్యాహ్నం అన్నానికి బదులు చోడి అంబలి. పొద్దున్న బస్సు మానేసి నాలుగు మైళ్లు నడక. జూన్ వచ్చేసరికి ప్యాంటుకు తాడు కట్టుకోవాల్సి వచ్చింది. సీలు తీగ తనే దూరుస్తున్నాడు. మేం చూశాం. చూసి, మా పెగ్గులు మేం తాగాం.

జూలైలో రెండో తనిఖీ.

ముందు త్రినాథరాజుగారు ఎక్కారు. నూట ఏడు.

"మూడు కిలోలు అధికం," అన్నాడు కృపానందం.

"అధికమైతే దోషం లేదు," అన్నారు త్రినాథరాజుగారు దిగుతూ. "ప్రజాహితం అని రాయండి."

కృపానందం రెండు కిలోలు ప్రజాహితం. నేను ఒకటిన్నర. పారినాయుడు చెప్పులు విడిచి, కాటాకు దణ్ణం పెట్టి ఎక్కాడు. ఎనభై మూడు కిలోల నాలుగు వందలు.

కృపానందం చెయ్యి తనకు తెలియకుండానే జప్తు పుస్తకం మీదికి పోయింది. పదేళ్ల అలవాటు మరి.

"పదమూడు కిలోలు!" అన్నారు త్రినాథరాజుగారు. "ఎన్నాళ్ల నుంచి ఇలా తక్కువ తూగుతున్నావు?"

పారినాయుడు మెచ్చుకుంటున్నారనుకున్నాడు. "ఆర్నెల్ల నుంచీ బాబూ," అన్నాడు ఛాతీ విరుచుకుని.

"ఒప్పుకుంటున్నాడు. రాసుకోండి. మద్యం ఎంత?"

"సుక్క కూడా నేదు బాబూ."

"ఆరు పెగ్గులకు సున్నా. నూటికి నూరు పాళ్లు లోటు." ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "కృపానందం, ఇంత తక్కువ కొలత మీ సర్వీసులో ఎప్పుడైనా చూశారా?"

"కిరసనాయిలు డిపోలో కూడా చూడలేదు సార్."

నేను గొంతు సవరించుకున్నాను. "సార్, సర్క్యులర్లో తగ్గమనే కదండీ ఉన్నది..."

"అది ఆశయమయ్యా. ఆశయం కోసం ప్రమాణాన్ని పాడు చేసుకుంటామా? ఇవాళ ఇతన్ని వదిలేస్తే రేపు ఉల్లిపాయల షావుకారు తన రాయి కూడా ఆరోగ్యం కోసం తగ్గిందంటాడు. నోటీసు రాయండి."

రాశాను. నా రాత బాగుంటుందని శాఖలో పేరు. "మీ దేహమునందు పదమూడు కిలోగ్రాముల లోటు కనబడినది. పదునైదు దినములలోగా సదరు లోటును సవరించుకొని, భారమునందును, మద్యమునందును పూర్వ ప్రమాణమునకు రావలెను. లేనియెడల మీరు వాడకమునుండి తొలగించబడుదురు." వాడకం నుంచి తొలగించిన రాయిని మేం సుత్తితో పగలగొట్టి పాత ఇనుముకు వేస్తాం. మనిషినైతే ఉద్యోగంలోంచి తీస్తాం. పారినాయుడి చేతికి నోటీసిచ్చి సంతకం పెట్టమంటే, వణక్కుండా పెట్టాడు. నా చెయ్యే కాస్త వణికింది. ముద్ర పడ్డ కొలత కదలకూడదని తెలిసినప్పటి నుంచీ, నేను రాసిన మాట నిలబెట్టుకోడానికి రోజూ నాలుగు పెగ్గులు తాగుతున్నాను మరి.

మర్నాడు పారినాయుడి భార్య సన్యాసమ్మ ఆఫీసుకు వచ్చింది. బడి పిల్లల యూనిఫారాలు కుట్టే మనిషి. మెడలో టేపు తియ్యకుండానే వచ్చేసింది. మొగుణ్ణి చెయ్యి పట్టుకుని నేరుగా త్రినాథరాజుగారి గదిలోకి తీసుకుపోయింది. వెనకే నేను పరిగెత్తాను.

"బాబూ, మా ఆయన్ని మల్లా తాగమని రాసినారట. నిజిమేనా?"

"తాగమని ఎవరూ అనలేదమ్మా. పూర్వ ప్రమాణానికి రమ్మన్నాం."

"ఆ పెమాణం కాడే కదా బాబూ డాట్రుబాబు సచ్చిపోతావన్నారు!" జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీసి, దారంతో సహా మొగుడి చేతిలో పెట్టింది. "ఎక్కించు."

పారినాయుడు సూది కన్ను వెలుతురుకు పట్టి, ఒక్క ప్రయత్నంలో దారం ఎక్కించాడు.

"సూడండి బాబూ. పెల్లయి పదిహేనేల్లు. ఈ సెయ్యి ఒనక్కుండా సూడ్డం ఇదే నాకు."

త్రినాథరాజుగారు సూది వైపు చాలాసేపు చూశారు. "సూదులు మన శాఖ పరిధిలోకి రావు," అన్నారు.

సన్యాసమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. టేపు రెండు కొసలూ పట్టుకుని కాసేపు ఆలోచించింది. "అయితే మీకు కావల్సింది ఆ కాటా తొంబయ్యారు సూపడమేనా బాబూ?"

"తొంభై ఆరు కిలోల నాలుగు వందల గ్రాములు."

"లోపల ఏటున్నా పర్నేదా?"

"లోపలి సంగతి ఆరోగ్య శాఖది."

"మందు మాటో?"

"ఆరు పెగ్గులూ సరిగ్గా కొలిచి గ్లాసులో పడాలి. సాక్షి ఉండాలి."

"గలాసులో పడాల. అంతే కదా?"

"కొలత వరకే మా బాధ్యత."

"సెలవు బాబూ," అని మొగుణ్ణి తీసుకుని వెళ్లిపోయింది.

గడువు రోజున స్వయంగా రాజధాని నుంచి డిప్యూటీ కంట్రోలర్‌గారు వచ్చారు. తగ్గిన ఉద్యోగి రాష్ట్రం మొత్తంలో ఇతనొక్కడే కాబట్టి ఆ వింత చూడాలని వచ్చారు. పారినాయుడు స్టోరు గదిలోంచి నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాడు. చొక్కా మీద, నడుం చుట్టూ, జీను గుడ్డతో కుట్టిన వెడల్పాటి పట్టీ ఉంది. పట్టీకి నాలుగు జేబులు. జేబుల్లో మా ఆఫీసు రాళ్లే: రెండు ఐదు కిలోలవి, ఒక రెండు, ఒక ఒకటి. దాచుకోనూ లేదు, కప్పుకోనూ లేదు. కాటా ఎక్కాడు.

తొంభై ఆరు కిలోల నాలుగు వందలు.

డిప్యూటీ కంట్రోలర్‌గారు కాటా చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. వంగి, జేబుల్లోకి తొంగి చూశారు.

"ఈ రాళ్లకు ఈ ఏడాది ముద్ర ఉందా?" అని అడిగారు.

"ఉంది సార్," అన్నాడు కృపానందం.

"అయితే ఇంకేం? ముద్ర ఉన్న రాళ్లతో లోటు సవరించుకున్నాడు. నిబంధనలకు ఇంతగా కట్టుబడిన ఉద్యోగిని నేను చూడలేదు. పాస్."

అప్పట్నుంచి పారినాయుడు డ్యూటీలో ఉన్నంతసేపూ పట్టీ కట్టుకుని ఉండాలని ఉత్తర్వు. రాళ్లు మనిషి మీద ఉండటంతో సంతలో చిన్న కాటాల తనిఖీ ఆపేశాం. ఉల్లిపాయల షావుకార్లు మా ఆఫీసుకు మిఠాయిలు పంపారు.

ఇక మద్యం. స్టేషన్ రోడ్డు బారులో రోజూ సాయంత్రం సాక్షిగా కృపానందం కూర్చోవాలి. కొలిచే ముందు కొలతనే తనిఖీ చేయాలి కదా, మొదటి రోజే బారువాడి పెగ్గు గ్లాసు కొలిచి చూశాడు. అరవై మిల్లీలీటర్లుండాల్సింది నలభై ఎనిమిదే ఉంది. అంటే ఈ పట్టణంలో పదేళ్లుగా జనం చేత మందు తగ్గిస్తూ వచ్చినవాడు ఆ బారు యజమాని ఒక్కడే. అతని మీద కేసు రాశాం. మర్నాటి నుంచి ఊరంతా నిండు పెగ్గులు తాగింది. నా నాలుగూ ఐదైనంత పని అయింది.

పారినాయుడి ఆరు పెగ్గులూ కొలిచి వరసగా బల్ల మీద పెట్టేవారు. కృపానందం పుస్తకంలో టిక్కు పెట్టేవాడు. పారినాయుడు గ్లాసుల వైపు చూడకుండా, "నాకు సెలవిప్పించండి బాబూ" అని నడుచుకుంటూ ఇంటికి పోయేవాడు. గ్లాసులు మిగిలేవి. నిండు గ్లాసులు వదిలి రావడం కృపానందానికి వ్యర్థమనిపించింది. తన నాలుగు ముగించి, ఆ ఆరు మొదలుపెట్టేవాడు. బిల్లు సంగతి బారు యజమాని ఎత్తలేదు. కేసున్నవాడు కదా.

రాళ్లు మోస్తూ తిరగడం వల్ల పారినాయుడు ఇంకా తగ్గాడు. నవంబరుకు పట్టీలో మూడు ఐదు కిలోల రాళ్లయ్యాయి. అదే నవంబరులో కృపానందం తొంభై ఏడుకు చేరాడు. ముద్ర పడ్డాక తొమ్మిది కిలోలు పెంచిన ఇన్‌స్పెక్టర్‌గా అతనికి ప్రశంసాపత్రం వచ్చింది. త్రినాథరాజుగారు స్వయంగా చదివి వినిపించారు. కృపానందం కళ్లు పచ్చగా ఉన్నాయి. ఎండ వల్ల అనుకున్నాం.

రెండు రోజుల తర్వాత, పొద్దున పదకొండింటికి, అతను రెండో అంతస్తు మెట్ల మీద కుప్పకూలాడు. నోట్లోంచి రక్తం వచ్చింది. మా మేడకు లిఫ్టు లేదు. నలుగురం చుట్టూ చేరి, "జాగ్రత్త, జాగ్రత్త" అని ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటున్నాం. త్రినాథరాజుగారు తలుపు దగ్గర నిలబడి, ఇది ఏ శాఖ పరిధో ఆలోచిస్తున్నట్టున్నారు. పైనుంచి పారినాయుడు దిగుతూ చూశాడు. పట్టీ విప్పి మెట్ల మీద పడేశాడు. రాళ్లు దడదడా కిందికి దొర్లాయి. తొంభై ఏడు కిలోల కృపానందాన్ని భుజాన వేసుకుని, రెండు అంతస్తులూ దిగి, ఆటో దాకా పరిగెత్తాడు. పది నిమిషాలు ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడు.

మర్నాడు త్రినాథరాజుగారు నన్ను పిలిచారు. "పారినాయుడికి మెమో రాయండి. డ్యూటీ సమయంలో పదిహేను కిలోల లోటుతో బహిరంగ ప్రదేశంలో సంచరించాడు."

"సార్, మనిషి ప్రాణం..."

"అది అభినందనీయం. దానికి వేరే ఫైలు పెట్టండి."

మళ్లీ నేనే రాశాను. ఈసారి నాలుగు పెగ్గుల తర్వాత కూడా నిద్ర పట్టలేదు. సిగ్గనిపించింది, ఆ మాట ఒప్పుకోవాలి. మెమో అందుకున్న పారినాయుడు జవాబు కూడా నన్నే రాయమన్నాడు. ఎదురుగా స్టూలు మీద కూర్చుని చెప్పాడు.

"రాయండి బాబూ. ఆ పూట నా నడుంకి రాల్లు నేవు. నిజిమే. అయితే బుజం మీద కృపానందంబాబు ఉన్నారు. ఆరి బరువు తొంబయ్యేడు. రిజిస్టర్లో ఉంది. కార్డు మీద ఈ ఏడాది ముద్ర కూడా ఉంది."

కలం ఆపి అతని మొహం చూశాను. నవ్వడం లేదు.

జవాబు చదివిన త్రినాథరాజుగారు కాగితం మీద తీసివేత చేశారు. తొంభై ఏడులోంచి పదిహేను. ఎనభై రెండు కిలోలు అధికం. శాఖ చరిత్రలో ఇంత ప్రజాహితం ఎవరూ చేయలేదు. మెమో రద్దయింది. ప్రశంసాపత్రం వచ్చింది. అందులో కృపానందం ప్రాణం సంగతి లేదు. దాని ఫైలు వేరే.

నెల తిరిగాక కృపానందం ఆఫీసుకొచ్చాడు. చొక్కా వేలాడుతోంది. చుక్క ముడితే చచ్చిపోతావని డాక్టరు చెప్పాడట. జనవరి తనిఖీ ఇంకో పది రోజుల్లో ఉంది. అతను త్రినాథరాజుగారి గదికి వెళ్లలేదు. నేరుగా స్టోరుకు వెళ్లాడు.

నేనూ వెనకే వెళ్లాను. సన్యాసమ్మ అక్కడే ఉంది. కృపానందం నడుం కొలిచి, జీను గుడ్డ మీద సుద్దతో గీత గీస్తోంది. పారినాయుడు బీరువాలోంచి రాళ్లు తీసి, తుడిచి, ఎన్ని కావాలో లెక్క చూస్తున్నాడు. నన్ను చూసి లేచాడు.

"ఏటి బాబూ?"

"ఏం లేదు. రెండు కిలోల రాయి ఏదైనా మిగిలిందా?"

అతను నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. ఏ తనిఖీలోనూ నన్నెవరూ అలా చూడలేదు.

"రెండు సాలవు బాబూ. ఐదు పట్టుకెల్లండి. మొదటి నెల కట్టంగా ఉంటాది. ఆరున్నరకి ఇక్కడికొచ్చేయండి, నాను ఉంటాను."

సన్యాసమ్మ నా నడుం చుట్టూ టేపు వేసింది. నలభై రెండు. నేను స్పష్టంగా చూశాను, నలభై రెండే. పుస్తకంలో నలభై అని రాసుకుంది.

"అమ్మా, తక్కువ రాశావు."

"తెలుసు బాబూ. ఆ రెండంగులాలూ మీరే తగ్గండి."

ఇరవై రెండేళ్ల సర్వీసులో, కళ్లెదుట తక్కువ కొలత చూసి కూడా నేను కేసు రాయనిది అదొక్కటే.